గడువు చీటి

హైదరాబాదు నగరమున పుస్తకప్రియునికి వారము సోమవారముతో గాక ఆదివారముతో మొదలగును. నాడు ఆబిడ్స్ అంగళ్లు పెక్కు మూసియుండును. మూసిన తలుపుల ముందు, కాలిబాట పొడవునను, పాత పుస్తకములు పరచియుండును. ఎండ ముదిరిన పిదప వెల తగ్గునేమో గాని మంచి పుస్తకము మిగులదని అతడెరుగును. కావున రెండవ కాఫీకి ఆగక, గుడ్డసంచి చేతబట్టుకొని బయలుదేరును. కూరలకు వెళ్లుచున్నాడని పొరుగువారనుకొందురు. ఇంటివారు మాత్రమట్లు భ్రమపడరు.

అచట ఇంజనీరింగు గ్రంథములు, ఇంగ్లీషు నవలలు, పోటీ పరీక్షల గైడ్లు గుట్టలుగా నుండును. తెలుగు పుస్తకములు ఏదో యొక మూల, తరచుగా అడుగున నుండును. మోకాళ్లపై కూర్చుండి, దుమ్మునకు వెరవక, గుట్టనంతయు తిరుగవేయువానికే అవి దొరకును. కోరిన పుస్తకము కనబడినపుడు దానిని చూడనట్లు ప్రక్కన బెట్టి, అక్కరలేని మరియొకదానికి బేరమాడుట అతని పాత యుక్తి. అమ్మువాడు తెలుగు చదువలేకపోవచ్చును. కాని కొనువాని ముఖము చదువుటలో పండితుడు. కావున ఈ యుక్తి ఏనాడును ఫలించినది కాదు.

తక్కిన దినములు గ్రంథాలయములవి. కొలువు ముగిసిన పిదప చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయినచో కుర్చీ దొరకుట కష్టము. తెలుగువారిలో పఠనాసక్తి ఇంతగా పెరిగినదా యని చూచువారు ఆశ్చర్యపడుదురు గాని, అందలి వారిలో పెక్కురు ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువతీయువకులు. వారి పుస్తకములు వారే తెచ్చుకొందురు. గ్రంథాలయము నుండి వారు కోరునవి బల్ల, దీపము, పంకా, నిశ్శబ్దము. దీనిని పరిహసించుట తగదు. ఇరుకు గదులలో నలుగురైదుగురు కూడి వసించువారు చదువుకొనుటకు మరెచటికి పోగలరు? అయినను బల్లల కడ ఇంత సందడి యుండగా, బీరువాలలోని నవలలు, చరిత్రలు పిలుచువారు లేక పడియుండుట అతని మనసున గుచ్చుకొనును.

సుల్తాను బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున వాతావరణము వేరు. 1901లో కొమర్రాజు వేంకటలక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు మొదలగువారు దానిని నెలకొల్పిరి. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా నుండి, పది తెలుగు పుస్తకములను ఒకచోట చేర్చుటయే ఉద్యమమైన కాలమది. అఫ్జల్‌గంజిలో మూసీ యొడ్డున నున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము అంతకు పదియేండ్ల ముందే, 1891లో, ఆసఫియా పేర వెలసినది. నెలకొకమారైన నచటికి పోవుట అతని నియమము. చదువుటకు గాక భవనమును చూచుటకు పోవునని మిత్రులు ఎగతాళి చేయుదురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు.

ఇతనికి విచిత్రమైన అలవాటొకటి కలదు. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యమునకు కేటాయించిన సంఖ్య 894.827. ఆ సంఖ్య గల అరల యెదుట నిలిచి ఏ పుస్తకము తీసినను మొదటి పుట చూడడు. లోపల అంటించిన గడువు చీటి చూచును. పుస్తకమును ఏనాటికి తిరిగి ఈయవలెనో తెలుపు తేదీముద్రలు వరుసగా పడియుండు చీటి యది. ముద్రలతో నిండిన చీటి యున్న పుస్తకమును మరల అరలో నుంచును. దానికి ఆప్తులు కలరు. ముద్రయే లేని చీటియో, ఇరువదియేండ్ల క్రిందటి ముద్రతో నిలిచిపోయిన చీటియో కనబడెనా, దానిని చంకబెట్టుకొని గ్రంథపాలకుని కడకు వచ్చును.

గ్రంథాలయములలో స్థలము పెరుగదు, పుస్తకములు పెరుగును. అప్పుడప్పుడు కొన్నింటిని ఏరి తొలగింపక తప్పదు. చిరిగినవి పోవును, కాలము తీరినవి పోవును, ఎవరును కొనిపోనివియు పోవును. ఈ కడపటి తరగతిని గూర్చియే అతని బెంగ. ప్రతి పుస్తకమునకును ఒక పాఠకుడుండవలెనని 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ తన పంచసూత్రములలో చెప్పెను గాని, ఆ పాఠకుడు ఏ సంవత్సరమున వచ్చునో చెప్పలేదు. అంతవరకు పుస్తకము అరలో నిలుచుటకు ఒక్క ముద్ర చాలునేమో! తెచ్చినవన్నియు చదువునా యన్న, చాలవరకు చదువును. కొన్నింటిని ముప్పది పుటలకే మూసివేయును. అట్లు మూతబడినవానిలో శతకములే హెచ్చు. చదువని పుస్తకమునకు ముద్ర వేయించుట గ్రంథపాలకుని మోసగించుట గాదా యని మిత్రుడొకడు అడిగినపుడు అతడు మారుపలుకలేదు. ఇప్పుడు కొన్నిచోట్ల కంప్యూటరు వచ్చి చీటి పోయినది. అట్టిచోట ఏ పుస్తకము ఎంతకాలముగా ఒంటరియో తెలిసికొను దారియు పోయినది.

మొన్నటి ఆదివారము ఆబిడ్స్ గుట్టలో అతనికొక నవల దొరకినది. వెల ముప్పది రూపాయలు. ఇంటికి వచ్చి తెరచిచూడగా లోపల నీలిసిరా ముద్ర యొకటి కనబడినది. అది ఒక పల్లెటూరి గ్రంథాలయపు ముద్ర. ఊరి పేరు చెరిగిపోయినది. బాపట్ల తాలూకా యన్నంతవరకే చదువనగును. ప్రవేశసంఖ్య కలదు. తొలగించితిమను గుర్తు ఎచటను లేదు. గడువు చీటి ముద్రలతో నిండియున్నది. చివరి తేదీ 1968 ఆగస్టు 12. దాని పిదప ఎవరో పుస్తకమును కొనిపోయి తిరిగి ఈయకపోయిరో, గ్రంథాలయమే మూతబడి పుస్తకములు తూకమునకు పోయినవో చెప్పుటకు వీలులేదు.

ఆ ప్రాంతమున ఇట్టి గ్రంథాలయములు ఊరకే పుట్టినవి కావు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము సంఘరూపము దాల్చినది. అయ్యంకి వేంకటరమణయ్య దానికి జీవితము ధారపోసెను. 1935లో పాతూరి నాగభూషణము పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో పుస్తకములు పంపి, రేవురేవునను పాఠకులకు అందజేయించెను. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ సుంకము వసూలుచేయు చట్టము 1960లో వచ్చినది. సుంకము నేటికిని కట్టుచునే యున్నారు. కట్టుచున్నామని ఎరిగినవారు కొలదిమంది.

ముప్పది రూపాయలిచ్చి కొన్న పుస్తకము తనదా, ముద్ర వేసిన ఊరిదా? నాలుగు దినములు అతడు దీనినే తలపోసెను. పుస్తకమును అలమారలో పెట్టలేదు, చదువుటకును మనసొప్పలేదు. మేజాపై నట్లే యుంచెను. తుదకు వచ్చు శనివారపు కార్యక్రమము నిశ్చయించుకొనెను. శుక్రవారము రాత్రి రైలెక్కి తెల్లవారుసరికి చీరాలలో దిగును. అచటికి వేటపాలెము చేరువ. 1918లో పుట్టిన సారస్వత నికేతనము అచటనే కలదు. 1929లో గాంధీ దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. పూర్వపు తాలూకాలో వేటపాలెమును ఒక భాగమే. పాత పత్రికల సంపుటములను భద్రపరచిన ఆ చోట, చుట్టుప్రక్కల గ్రంథాలయముల సంగతి ఎరిగిన వృద్ధుడొకడైనను ఉండకపోడని అతని ఆశ. ఊరు తెలిసినచో ఆదివారము అచటికి పోవును. తెలియనిచో ఆ పుస్తకమును నికేతనమునకే ఒప్పగించును. అచటివారు పుచ్చుకొందురో లేదో అడుగవలెను.

నగర గ్రంథాలయమునకు ఈయవలసిన దానిని ముందే ఇచ్చివేసెను. నవలను దినపత్రికలో చుట్టి సంచిలో పెట్టుచుండగా ఇల్లాలు వచ్చి చీటిపై తేదీని చూచి, ఆ కాలమున ఆలస్యపు రుసుము దినమునకు ఎన్ని పైసలుండెడిదని అడిగెను. అతడు చిల్లర కొరకు వెదకసాగెను.