అట్టపెట్టె తిప్పి చూడండి

కొరియా గ్రీన్ టీ క్రీములు ఫలక్‌నుమా గల్లీల దాకా వచ్చాయి. ఆకుబొమ్మ ముందువైపు ఉంటుంది. అసలు సంగతంతా వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో.

"కొరియన్ గ్రీన్ టీ క్రీములు. ఎవరి చర్మానికి ఏది పడుతుంది? ఫలక్‌నుమా వైపు తిరిగి రా. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పేజీలు వెళ్లిపోవాలి." ఎడిటర్‌గారు ఈ మాట చెప్పింది మంగళవారం మధ్యాహ్నం. అంటే చేతిలో మూడు రోజులు. ఇంకో సంగతి ముందే ఒప్పేసుకుంటాను. నాకు టీ అంటే ఇరానీ హోటల్లో పాలు మరిగి మరిగి చిక్కబడి, సాసర్‌లోకి కాస్త ఒలికి వచ్చే చాయే. ఆకును తాగడం మానేసి మొహానికి పూసుకోవడం మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఈ కథనం ఆ అనుమానంతోనే మొదలైంది, చాలావరకు దానితోనే నడిచింది.

శాలిబండ, అలియాబాద్, శంషీర్‌గంజ్ దాటి ఇంజన్ బౌలి వైపు వస్తుంటే రోడ్డు పక్కన ఒక ఫ్యాన్సీ షాపు కనిపించింది. గాజులు, మెహందీ కోన్లు, హిజాబ్ పిన్నులు, అత్తరు సీసాలు ఉన్నాయి. షాంపూ ప్యాకెట్ల దండ పక్కనే కొరియా షీట్ మాస్కుల దండ వేలాడుతోంది. గల్లాపెట్టె దగ్గరి అద్దాల బీరువాలో ఒక అర మొత్తం ఆకుపచ్చగా ఉంది.

ఆ అర ముందు లాల్ దర్వాజా నుంచి వచ్చిన డిగ్రీ అమ్మాయి నిలబడి ఉంది. "డ్రామాలల్ల వాళ్ల మొఖాలు అద్దం లెక్క మెరుస్తయ్ అక్కా. నాదేమో పొద్దుగాల కడిగితె పగటీలి వరకు నూనె బొండం" అని తనే నవ్వింది. చేతిలో ఒక ఆకుపచ్చ ట్యూబు ఉంది. "డేట్ కూడ మస్తుంది. వచ్చే నవంబర్ దాంక" అంటూ ట్యూబు అడుగున మడత చూపించింది. అక్కడ "25.11.26" అని అచ్చు గుద్ది ఉంది. 25 నవంబరు 2026. నేనూ అలాగే చదివాను. దుకాణదారుడూ అలాగే చదివాడు.

నా మూడు రోజుల్లో ఒకటిన్నర రోజు ఈ ఆరు అంకెలే తినేశాయి.

కొరియావాళ్లు తేదీని మనకు తిరగేసి రాస్తారు. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. అంటే ఆ ట్యూబు మీద ఉన్నది 2025 నవంబరు 26. సరే, అది తయారైన రోజా, గడువు ముగిసే రోజా? అంకెల పక్కన రెండు కొరియా అక్షరాలున్నాయి. ఫోన్ కెమెరాలో అనువాదం యాప్ తెరిచి వాటి మీద పెడితే "వరకు" అని వచ్చింది. ఇంకా ఏడాది ఉందనుకుని అమ్మాయి కొనబోతున్న ట్యూబుకు గడువు అప్పటికే తీరిపోయింది.

పెట్టెల మీది రెండు మాటల ఆకారం గుర్తుపెట్టుకుంటే చాలు, కొరియా భాష నేర్చుకోనక్కర్లేదు. మొదటి అక్షరంలో రెండు 7 అంకెలు పక్కపక్కన నిలబెట్టినట్టు కనిపిస్తే ఆ మాట "క్కాజి". అర్థం "వరకు". అది గడువు తేదీ. రెండక్షరాలూ పైన అడ్డగీత, కింద విప్పిన రెండు కాళ్లతో మొదలైతే ఆ మాట "జేజో". అర్థం "తయారీ". తయారీ తేదీ మాత్రమే ఉంటే మూత తెరిచిన డబ్బా బొమ్మ కోసం వెతకండి. దాని మీద 12 అంకె ఉంటే తెరిచాక 12 నెలలు వాడొచ్చని, 6 ఉంటే ఆరు నెలలని అర్థం. కొన్నిటి మీద సంవత్సరం నాలుగంకెల్లో ఉంటుంది, వాటితో పేచీ లేదు. రెండంకెలవే మోసం చేస్తాయి.

దుకాణదారుడికి నా మీద కోపం రాలేదు, ఆసక్తి పుట్టింది. "బాజీ, ఆ రెండు సాత్ నంబర్లు ఈ అట్ట మీద గీసివ్వండి" అని బిస్కెట్ డబ్బా మూత చింపి చేతికిచ్చాడు. గీసిచ్చాను. అరలోని ట్యూబులన్నీ బల్ల మీద గుమ్మరించి కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఒక్కొక్కటే చూడసాగాడు. కొన్ని పక్కన పెట్టాడు. ఎన్నో చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలా చూస్తుండగా రెండో తేడా బయటపడింది. కొన్ని పెట్టెల వెనక తెల్ల స్టిక్కరు ఉంది, కొన్నిటికి లేదు. "ఇవి దిల్లీ మాల్. అవి దుబాయ్ నుంచి వచ్చేవాళ్లు తెస్తరు" అన్నాడు. పాతబస్తీకి గల్ఫ్ సూట్‌కేసులతో అనుబంధం ఇప్పటిది కాదు కాబట్టి ఆశ్చర్యపోలేదు. చుట్టాలు తెచ్చింది ఇంట్లో వాడుకోవడం వేరు, కౌంటర్ మీద పెట్టి అమ్మడం వేరు. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం దిగుమతైన ప్రతి సౌందర్య సామగ్రికీ కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరూ, దిగుమతిదారు పేరూ చిరునామా లేబుల్ మీద కనిపించాలి. గరిష్ఠ చిల్లర ధర కూడా ఉండాలి. ఆ తెల్ల స్టిక్కరు అందుకే. మొహం మండితే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది. అది లేని పెట్టె ఎంత చవకైనా నేను కొనను.

ఇక మూడోది, పదార్థాల జాబితా. ఒక శాతం దాటినవన్నీ ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఏ వరసలోనైనా రాయొచ్చు. గ్రీన్ టీ ఈ జాబితాలో తన ఇంటిపేరుతో ఉంటుంది: కమీలియా సైనెన్సిస్. పక్కన "లీఫ్ వాటర్" అంటే ఆకు నీరు, "లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్" అంటే ఆకు సారం, "సీడ్ ఆయిల్" అంటే గింజ నూనె. మూడూ ఒకటి కావు. నూనె పొడి చర్మానికి హితం. జిడ్డు మొహానికి అదే నూనె మళ్లీ బరువు.

తేయాకు జాబితాలో ఎక్కడుందో చూడటానికి చిన్న చిట్కా ఉంది. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థాన్ని ఒక శాతానికి మించి వాడరు. కాబట్టి దాని తర్వాత వచ్చేవేవీ ఒక శాతం దాటవు. కమీలియా పేరు దాని వెనక ఎక్కడో ఉంటే, పెట్టె మీద ఎంత పెద్ద ఆకుబొమ్మ ఉన్నా ఆకు మాత్రం పేరుకే. కొరియా సీసాల్లో చాలావాటిలో దీని బదులు 1,2-హెక్సేన్‌డయాల్ వాడతారు. అది ఒక శాతం దాటి ఉండొచ్చు, గుర్తుగా పనికిరాదు. అప్పుడు డైసోడియం ఈడీటీఏ ఎక్కడుందో చూడండి. దాన్ని సాధారణంగా చిటికెడే వేస్తారు.

కొన్ని పెట్టెలు శాతం కూడా చెబుతాయి. ఇస్‌న్‌ట్రీ గ్రీన్ టీ ఫ్రెష్ టోనర్ జెజు దీవి తేయాకు సారం 80 శాతం అంటుంది. వినడానికి ఘనంగా ఉంది. కానీ సారమంటే ఆకు నానిన ద్రవం. హోటల్లో మన గిన్నెడు డికాషన్‌లోనూ నీళ్లే ఎక్కువ. అది అబద్ధం కాదు, 80 శాతం ఆకు అనుకోవడం మన పొరపాటు.

ఇంతకీ ఆకుకు పనేమైనా ఉందా? నా అనుమానం ఇక్కడ కాస్త తగ్గింది. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో 20 మంది 2 శాతం గ్రీన్ టీ లోషన్‌ను ఆరు వారాలు రాసుకుంటే మొటిమలు సగానికి పైగా తగ్గాయి. 2013లో సియోల్ పరిశోధకులు తేయాకులోని ఈజీసీజీ అనే పదార్థాన్ని మొటిమలున్నవాళ్ల ముఖంలో ఒక సగానికే ఎనిమిది వారాలు రాయించి, రెండో సగంతో పోల్చి చూశారు. అక్కడా మేలే కనిపించింది. రెండూ చిన్న ప్రయోగాలు. దుకాణంలో దొరికే సీసాలో ఈజీసీజీ ఎంతుందో మాత్రం పెట్టె మీద రాయరు. పైగా అది గాలికీ వెలుతురుకూ నిలవదు, గోధుమరంగుకు తిరుగుతుంది. కోసిన యాపిల్ ముక్క నల్లబడటం లాంటిదే. ఎండ తగిలే షోకేస్‌లో నెలల తరబడి నిలబడ్డ సీసాను తీసుకోకండి, లోపలి నుంచి ఇమ్మని అడగండి.

కాబట్టి ఎంపికలో తేయాకును పక్కన పెట్టి, దాని వెంట ఎవరొచ్చారో చూడాలి. లాల్ దర్వాజా అమ్మాయిది జిడ్డు, మొటిమల చర్మం. ఆమెకు నీళ్లలాంటి జెల్ కావాలి. జాబితాలో నియాసినమైడ్ గానీ, సాలిసిలిక్ ఆమ్లం లేదా దాని మెతక చుట్టం బీటైన్ సాలిసిలేట్ గానీ ఉంటే మంచిది. నాది చలికాలం వస్తే గీత గీస్తే తెల్లగా పడే చర్మం. టోనర్లు నాకు దండగ. గ్లిజరిన్, సెరమైడ్లు, స్క్వాలేన్ ఉన్న క్రీము కావాలి. హైలురోనిక్ ఆమ్లం సీరం రాసి మీద క్రీము పొర వేయకపోతే ఏప్రిల్ గాలికి అరగంటలో మొహం మళ్లీ బిగుసుకుంటుంది. నుదురూ ముక్కూ జిడ్డు, బుగ్గలు పొడి అనేవాళ్లు రెండు సీసాలు కొనక్కర్లేదు. మొహమంతా జెల్, బుగ్గలకు మాత్రం పైన కొంచెం క్రీము.

ఎక్కువ చెప్పాల్సింది సున్నితమైన చర్మం గురించి. ఈ వీధుల్లో ఆ మాటకు వేరే అర్థం ఉంది. చాలామందికి అది పుట్టుకతో వచ్చింది కాదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న "తెల్లబరిచే" స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాసుకుంటే చర్మం పల్చబడి, ఎర్రబడి, ఎండ తగిలితే భగ్గుమంటుంది. అలాంటి పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అలా దెబ్బతిన్న మొహానికి ఏ గ్రీన్ టీ సీసా అయినా రెండో మాటే. మొదట చర్మవైద్యుడు. వాడుతున్న క్రీమును ఉన్నపళంగా ఆపేసినా మంటలు రేగుతాయి, అది కూడా డాక్టరే చెప్పాలి.

మామూలు సున్నిత చర్మమైతే జాబితాలో ఫ్రాగ్రెన్స్, లిమోనీన్, లినలూల్, ఆల్కహాల్ డినాట్ లేనివి చూడండి. తేయాకుతో పాటు పాంథెనాల్, సెంటెల్లా ఉంటే నయం. సెంటెల్లా అంటే మన సరస్వతి ఆకే. కొత్త సీసాను నేరుగా మొహానికి పట్టించకుండా మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడండి. కొన్నరోజే పెళ్లికి వెళ్లాలనుకునేవాళ్లకు ఈ సలహా నచ్చదని తెలుసు.

షాపులో మచ్చల సంగతీ అడిగారు. మన గోధుమ, చామనచాయ చర్మాల్లో మొటిమ పోయినా దాని మచ్చ నెలలు నిలుస్తుంది. గ్రీన్ టీ దాన్ని చెరపదు, రంగూ తేలదు. పగలు సన్‌స్క్రీన్ లేకపోతే మిగతా సీసాలన్నిటి మీదా పెట్టిన డబ్బు ఎండలో ఆరబెట్టినట్టే.

చరిత్ర రాయకపోతే ఎడిటర్‌గారు ఒప్పుకోరు. కొరియాకు తేయాకు విత్తనాలు 828లో చైనా నుంచి కిమ్ డేరియోమ్ అనే రాయబారి తెచ్చాడని, జిరిసాన్ కొండల్లో నాటారని వాళ్ల పాత గ్రంథం చెబుతుంది. కొరియా సౌందర్య సామగ్రి సంస్థ అమోర్‌పసిఫిక్ స్థాపకుడు సు సంగ్‌హ్వాన్ 1979లో జెజు రాళ్ల నేల చదును చేసి తోటలు వేశాడు. 2000లో అదే సంస్థ ఇన్నిస్‌ఫ్రీ బ్రాండ్ తెచ్చింది (పేరు ఐర్లండ్ కవి యేట్స్ పద్యం నుంచి, ఆకు జెజు నుంచి). 2013లో దిల్లీ ఖాన్ మార్కెట్‌లో దుకాణం తెరిచింది. ఇక్కడ కొండ మీద 1884లో పైగా నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేసిన ఫలక్‌నుమా ప్యాలెస్ ఆరో నిజాం చేతికి వెళ్లి, 2010 నుంచి తాజ్ హోటల్‌గా నడుస్తోంది. చరిత్ర అయిపోయింది.

హలాలేనా?

షాపులో నేనున్న గంటలో ఈ ప్రశ్న ముగ్గురు అడిగారు. జాబితాలో ఆల్కహాల్ అనే మాట కనిపించినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. "ఆల్కహాల్ డినాట్" అంటే స్పిరిట్ తరహాది, ఆవిరైపోతుంది. "సీటైల్", "సీటియరైల్" ఆల్కహాల్ అంటే మైనంలాంటి కొవ్వు పదార్థాలు, క్రీము చిక్కదనానికి వేస్తారు. కొలాజెన్ ఉంటే ఏ జంతువు నుంచి వచ్చిందో కంపెనీనే అడగాలి. "స్నెయిల్ సీక్రిషన్ ఫిల్ట్రేట్" అంటే నత్త స్రవం. ఇండోనేషియా సౌందర్య సామగ్రికీ హలాల్ ధ్రువీకరణ తప్పనిసరి చేస్తూ 2014లోనే చట్టం చేసింది. ఆ మార్కెట్ కోసమే కొన్ని కొరియా కంపెనీలు ధ్రువీకరణ ముద్ర తీసుకుంటున్నాయి. పెట్టె మీద ఆ ముద్ర వెతకండి.

చిన్న సీసాల మినహాయింపు

60 మిల్లీలీటర్లలోపు ద్రవాలకు, 30 గ్రాముల్లోపు క్రీములకు పదార్థాల జాబితా తప్పనిసరి కాదని మన నిబంధనల్లో ఉంది. సీరం సీసాలు ఎక్కువగా 30 మిల్లీలీటర్లవే! చాలా పెట్టెల మీద జాబితా ఎలాగూ ఉంటుంది. కొరియా అక్షరాల్లోనే ఉంటే ఫోన్ కెమెరా తీయండి.

ఇంట్లో మరిగించి రాస్తే?

మా ఫోటోగ్రాఫర్ ప్రశ్న ఇది. రాయొచ్చు, చల్లారాక. దానిలో నిల్వ పదార్థం ఉండదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి పారబోయాలి. పంచదార, నిమ్మకాయ కలిపినది వద్దు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చలు పడతాయి. మిగిలిన డికాషన్‌లో పాలు పోసి చూశాను. చాయ్ కాలేదు.