ముందే లాగి బిగించిన ఉక్కు

ఫ్రాన్సులో అలియే నది మీద లె వూర్ద్ర్ ఊరి దగ్గర 1911 ప్రాంతంలో ఒక కాంక్రీటు వంతెన కట్టారు. మూడు కమానులు, ఒక్కొక్కటి 70 మీటర్లకు అటూ ఇటూగా. కట్టిన ఇంజనీరు యూజీన్ ఫ్రెస్సినే. సెంట్రింగ్ విప్పి, రాకపోకలు మొదలైన కొన్ని నెలలకు కమానుల నడిమి భాగం కిందికి దిగసాగింది. ఆగుతుందేమో అనుకుంటే ఆగలేదు, పది సెంటీమీటర్లు దాటింది. ఫ్రెస్సినే పైవాళ్లకు కబురు చెయ్యలేదు. ఒక రాత్రి సైకిలెక్కి వచ్చి, నమ్మకమైన నలుగురు పనివాళ్లను నిద్రలేపి వంతెన మీదికి తీసుకెళ్లాడు. కట్టేటప్పుడు జాకీల కోసం కమాను నడినెత్తిన వదిలిన సందులు అదృష్టవశాత్తూ ఇంకా పూడ్చలేదు. అందులో మళ్లీ జాకీలు దూర్చి వంతెనను పైకి లేపారు. ఈ రోజుల్లో ఎవరైనా ఇలా చేస్తే ముందు ఉద్యోగం పోతుంది, తరవాత విచారణ జరుగుతుంది.

అప్పటి లెక్కల ప్రకారం ఇలా కుంగడానికి వీల్లేదు. కాంక్రీటు గట్టిపడ్డాక ఎంత బరువుకు అంత నొక్కుకుని ఊరుకుంటుందనే నమ్మకం. ఫ్రెస్సినేకు తెలిసివచ్చింది వేరు. నెత్తిన బరువు ఉన్నంతకాలం కాంక్రీటు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కురచవుతూనే ఉంటుంది. దీన్ని ఇంజనీర్లు క్రీప్ అంటారు. ఆరేటప్పుడు ముడుచుకునేది దీనికి అదనం.

కాంక్రీటులో ఇనుము వెయ్యడం అప్పటికే పాత సంగతి. 1867లో జోసెఫ్ మోనియే అనే తోటమాలి మొక్కల తొట్లకు ఇనుప అల్లిక పెట్టి పేటెంటు తీసుకున్నాడు. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది. లాగితే అందులో పదో వంతు బలానికే తెగుతుంది. ఆ లోటు ఇనుము తీరుస్తుంది. వేడికి రెండూ ఇంచుమించు ఒకే మేర సాగుతాయి కాబట్టి ఒకదాన్నొకటి వదిలిపోవు. అయితే దూలం అడుగున ఉన్న ఊచకు అసలు పని పడేది కాంక్రీటు సన్నగా పగిలిన తరవాతే. పగలకుండా చూసే పని మామూలు ఊచది కాదు.

ఉక్కును ముందే లాగి ఉంచితే? బండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే, అది చల్లబడి కర్రలన్నిటినీ ఒక్కటిగా బిగిస్తుంది. కాంక్రీటునూ అలాగే బిగించవచ్చన్న ఆలోచన ఫ్రెస్సినేది మాత్రమే కాదు. 1880లలోనే అమెరికాలో జాక్సన్, జర్మనీలో డోరింగ్ ప్రయత్నించారు. బిగింపు నిలవలేదు. ఎందుకు నిలవలేదో పది మీటర్ల దూలంతో చూద్దాం. ఆనాటి మామూలు ఇనుమును చదరపు మిల్లీమీటరుకు 12 కిలోల చొప్పున లాగితే ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది. కాలక్రమంలో కాంక్రీటు కురచయ్యేదీ సుమారు అంతే. ఇంక బిగింపు ఎక్కడిది? అదే 100 కిలోలు ఓర్చే గట్టి తీగ అయితే 50 మిల్లీమీటర్లు సాగుతుంది. అందులో ఆరేడు పోయినా 40కి పైగా మిగులుతుంది. నా మట్టుకు నాకు ఈ ఆవిష్కరణ అంతా ఈ తీసివేతలోనే ఉందనిపిస్తుంది. కుంగిన వంతెనను చూసినవాడికి తప్ప ఈ లెక్క తట్టడం కష్టం.

1928లో జాన్ సెయాయ్‌తో కలిసి ఫ్రెస్సినే పేటెంటు తీసుకున్నాడు. మోంటార్జీలో కరెంటు స్తంభాలు పోతపోసే పని మొదలుపెట్టాడు. స్తంభాలు బాగానే వచ్చాయి, కొనేవాళ్లే రాలేదు. ఆర్థిక మాంద్యం రోజులవి. చేతి డబ్బు కరిగిపోయింది. లె హావ్ర్ రేవులో నెలనెలా కుంగుతున్న ఓడల స్టేషన్ భవనాన్ని 1930ల నడుమ ఈ పద్ధతితోనే నిలబెట్టాక గాని లోకం ఆయన మాట వినలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో మార్న్ నది మీద లూజాన్సీ దగ్గర 55 మీటర్ల వంతెన తయారైంది. వేరేచోట పోసిన ముక్కలను తెచ్చి తీగలతో బిగించి కట్టారు. హైదరాబాద్ మెట్రో స్తంభాల మీద వరసగా కనిపించే ప్రీకాస్ట్ ముక్కలు దాని సంతతే.

పోత యార్డులో ఎక్కువగా చేసేది ఇంకో రకం: కాంక్రీటు పోయకముందే తీగలను లాగడం. పొడవాటి అచ్చుబల్లకు రెండు కొసలా దిట్టమైన దిమ్మెలు. వాటి మధ్య తీగపేటలను జాకీతో లాగి పట్టి ఉంచుతారు. నడిమి తీగ చుట్టూ ఆరు తీగలు మెలేసిన పేట, అరంగుళం మందం, ఒక్కదాని మీదే 13, 14 టన్నుల లాగుడు. ఆ దగ్గర ఎవర్నీ నిలబడనివ్వరు. తెగితే మనిషి మిగలడు. కాంక్రీటు పోసి, ఆవిరి పట్టి, గట్టిపడ్డాక కొసలు కోస్తారు. లాగినప్పుడు తీగ రవంత సన్నబడి ఉంటుంది. కోసిన చోట అది తిరిగి లావై, తన రంధ్రంలో తానే చీలలా దిగబడిపోతుంది. వేరే బిగింపు అక్కర్లేదు. కళ్ల ముందే దూలం నడుము కాస్త పైకి విల్లులా లేస్తుంది. రైలు పట్టాల కింది కాంక్రీటు స్లీపర్లూ ఇలాంటివే. మన రైల్వేలు ఏళ్లుగా వాడుతూ వచ్చిన, పావు టన్నుకు మించిన దిమ్మెలో మూడేసి సన్న తీగలు మెలేసిన పేటలు 18 ఉంటాయి.

చిక్కు ఏమిటంటే, మామూలు ఊచ తుప్పుపడితే పైన కాంక్రీటు పెచ్చులూడుతుంది, తుప్పు మరక దిగుతుంది, ఇంటివాళ్లకే తెలుస్తుంది. ముక్కలను కలిపి కట్టే వంతెనలో కాంక్రీటు లోపలి గొట్టం గుండా పోనిచ్చి బిగించిన తీగ అలా చెప్పదు. వేల్స్‌లో ఇనిస్-ఇ-గ్వాస్ వంతెన 1953లో ప్రీకాస్ట్ ముక్కలతో కట్టింది. 1985 డిసెంబరులో ఏ హెచ్చరికా లేకుండా కూలింది. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు, ముక్కల మధ్య అతుకుల్లోంచి దిగి తీగలను తినేసింది. 1992లో బ్రిటన్ తన రోడ్డు వంతెనల్లో గొట్టంలో తీగ బిగించి సిమెంటు పాలు నింపే పద్ధతిని ఆపేసింది. 1996లో మళ్లీ అనుమతి ఇచ్చినప్పుడు కొత్త నిబంధనలు వచ్చాయి: ఇనుప రేకు గొట్టాల చోట ప్లాస్టిక్‌వి వాడాలి, సిమెంటు పాలు పోసేముందు గాలి ఎక్కించి అవి కారడం లేదని తేల్చుకోవాలి.