హాప్స్ ఆరిన గదిలో మూడు రాత్రులు

గత సెప్టెంబరులో లండనులోని మా అమ్మాయి వద్దకు వెళ్ళినపుడు, విశ్రాంతి కొరకు ఆమె మా దంపతులను మూడు రోజులు కెంట్ పల్లెసీమకు పంపినది. బస హోటలులో కాదు. ఒకప్పుడు హాప్స్ పువ్వులను ఆరబెట్టిన భవనంలో. అక్కడివారు దానిని ఓస్ట్ హౌస్ అంటారు.

ఎర్ర ఇటుకల గుండ్రని బురుజు, పైన శంకువు వంటి పెంకుల కప్పు, దాని కొసన తెల్లని చెక్క టోపీ. యంత్ర విభాగపు మిత్రులకు ఆ టోపీని గురించి చెప్పక తప్పదు. గాలి వాలును బట్టి అది తిరుగుతూ, తెరచిన వైపును ఎల్లప్పుడూ గాలికి పెడమొగముగా ఉంచుతుంది. అందుచేత వీచే గాలియే లోపలి తేమను, వేడిని పైకి లాగివేస్తుంది. మోటారు లేదు, ఫ్యాను లేదు. నేడు వంటగది ఉన్నచోట నిప్పు ఉండేది. మా పడకగది ఉన్న ఎత్తున సందులు విడిచిన చెక్కపట్టీలు, వాటిపై గుర్రపు వెంట్రుకలతో నేసిన గుడ్డ, ఆపైన బీరుకు చేదునిచ్చే ఆ పువ్వులు. సుమారు పది గంటలలో ఆరిపోయేవి. గుండ్రని గదిలో వేడి సమంగా సోకునని 19వ శతాబ్దపు తొలినాళ్ళలో ఇట్లు కట్టారు; తరువాత మరల చతురస్రానికే వచ్చారు. మంచమును గోడకు ఆనించలేక మేము పడిన అవస్థను బట్టి చూస్తే అది సమంజసమే!

హాప్స్ కోతకు లండను ఈస్ట్ ఎండ్ నుండి పేద కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి వారాల తరబడి గుడిసెలలో ఉండేవి. వారికి కూలియు అదే, విహారమూ అదే. కోతయంత్రాలు వచ్చి ఆ రాకపోకలను ఆపివేశాయి.

రెండవ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రకాశం జిల్లాలో మా నాన్నగారి పొగాకు బ్యారన్ జ్ఞప్తికి వచ్చినది. కర్రలకు అల్లిన ఆకును అంతస్తులుగా వేలాడదీసి, రేకు గొట్టాల గుండా వేడి పంపుతూ, సుమారు 35 డిగ్రీల నుండి 70 డిగ్రీల వరకు రోజుల తరబడి మెల్లగా పెంచవలెను. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండి ధర పడిపోతుంది. ఒక రాత్రి నాన్నగారు జ్వరంతో పడుకొని పొయ్యిని మా అన్నదమ్ములకు అప్పగించారు. త్వరగా పని ముగించవలెనని కట్టెలు కుక్కి, మేము నిద్రపోయాము. ఆయన మమ్ములను ఒక్క మాట అనలేదు. వేలం నుండి వచ్చి, అన్నం తినకుండా పడుకున్నారు.

ఆ బ్యారన్ చాలాకాలముగా మూతపడి ఉన్నది. పడగొట్టి ఇటుకలు అమ్ముదామని తమ్ముడు అనగా, ప్రయాణమునకు ముందు సరేనన్నాము.

తెల్లవారగనే ఫోను చేశాము. పైకప్పు విప్పుకొనిపోయారనీ, గోడలు మాత్రం ఉన్నవనీ చెప్పాడు. మేము వచ్చు వరకు వాటిని ముట్టవద్దన్నాము.