బండి మీద నిలబెట్టి, గొలుసు బిగించి

వరికోతలు మొదలైతే దంతాలపల్లి లాంటి మండల కేంద్రంలో వెల్డింగ్ షాపుకు తీరిక ఉండదు. ట్రాలీ హుక్కు ఊడినా, రోటవేటర్ ఫ్రేము చీలినా రైతు పరుగెత్తేది అక్కడికే. యంత్రం కదల్లేకపోతే సిలిండర్లే పొలానికి పోతాయి. వెల్డింగ్ ప్రమాదమంటే మనకు మంట, నిప్పురవ్వలు గుర్తొస్తాయి. కానీ మంట ముందు ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే పని చేస్తారు. మనం నిర్లక్ష్యం చేస్తున్నది మంట లేని వేళలను: సిలిండర్‌ను జరిపేటప్పుడు, పని అయ్యాక గోడకు ఆనించి వదిలేసినప్పుడు.

పెద్ద ఆక్సిజన్ సిలిండర్‌లో సుమారు 47 లీటర్ల చోటులో 7,000 లీటర్ల గ్యాసును కుక్కుతారు. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు 150 రెట్లు. ఉక్కు గోడ దాన్ని తట్టుకుంటుంది. తట్టుకోలేనిది తలమీది ఇత్తడి వాల్వ్. సిలిండర్ ఒరిగి పడి అది విరిగిందా, గ్యాసు ఒకవైపు చిమ్ముతుంటే అంత బరువైన ఇనుప బుంగ రెండోవైపు దూసుకుపోతుంది. ఎసిటిలీన్ తీరు వేరు. ఆ మెరూన్ రంగు సిలిండర్ లోపల గుల్ల పదార్థం నిండా అసిటోన్ ఉంటుంది, గ్యాసు అందులో కరిగి ఉంటుంది. పడుకోబెట్టి వాడితే అసిటోనే పైపులోకి వచ్చేస్తుంది. ఇక లీకైతే, గాలిలో రెండున్నర శాతం కలిసినా అంటుకోవడానికి ఒక్క రవ్వ చాలు.

అందుకే 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు సిలిండర్లను ఈడ్చొద్దు, కింద పడెయ్యొద్దు, వీలైనంతవరకు గట్టి తోపుడు బండి మీదే జరపాలి అంటున్నాయి. నిండు సిలిండర్‌ను సైకిల్ మీద గానీ మోటారు సైకిల్ మీద గానీ తీసుకుపోవడం నిషేధం. ‘ఏళ్ల తరబడి అంచు మీద తిప్పుకుంటూనే తెస్తున్నాం, ఏమైంది?’ అంటారు. వాళ్ల నేర్పును నేను కాదనను. కానీ ఆ బరువును అప్పుడు ఆపుతున్నది వేళ్ల పట్టు ఒక్కటే, నేలేమో తడిగానో ఎగుడుదిగుడుగానో ఉంటుంది. పైగా ట్రాక్టర్ పని చేసిన చేతులకు గ్రీజు తప్పదు. అది ఆక్సిజన్ వాల్వ్‌కు అంటితే, ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్ తగిలి వేరే నిప్పు లేకుండానే మండొచ్చు. బండికి ఖర్చవుతుందన్న మాట మాత్రం ఒప్పుకోలేను. యాంగిళ్లు, పెద్ద చక్రాలు, గొలుసు ఉంటే వెల్డింగ్ తెలిసినవాళ్లకు బండి చేసుకోవడం ఎంత పని?

ఇంతకంటే గట్టి ప్రశ్న ఇంకోటుంది. ఆక్సిజన్‌నూ ఎసిటిలీన్‌నూ దూరంగా దాచమంటూ, ఒకే బండి మీద పక్కపక్కన ఎలా కడతాం? పని జరుగుతున్నంతసేపు పక్కన మనిషి ఉంటాడు, లీకు వాసన పసిగడతాడు, వాల్వ్ కట్టేస్తాడు. రాత్రి తాళం వేసిన షాపులో ఆ మనిషి ఉండడు. ఎసిటిలీన్ లీకై అంటుకుంటే పక్కనున్న ఆక్సిజన్ ఆ మంటను ఎన్నో రెట్లు పెంచుతుంది. దాచేటప్పుడు రెంటి మధ్య 20 అడుగుల దూరం, లేదా మంటను తట్టుకునే 5 అడుగుల ఎత్తు గోడ ఉండాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధన చెబుతుంది. ఇరుకు షాపులో 20 అడుగులు దొరకవు, ఇటుక గోడ కట్టుకోవచ్చు. గోడకు అటొక కొక్కెం, ఇటొక కొక్కెం పెట్టి గొలుసులు వేయాలి. రెగ్యులేటర్లు విప్పి వాల్వ్‌ల మీద టోపీలు బిగించాలి. ఖాళీ అనుకున్నదాంట్లోనూ కొంత గ్యాసు మిగిలే ఉంటుంది, కాబట్టి దాని వాల్వ్ కూడా కట్టేసి, గొలుసు వేయాలి.