క్రీడాభిరామంలో వీధి సవ్వడి: ఒక మత్తేభపద్యం – ఛందోవిశ్లేషణ

1. ఉపోద్ఘాతం
నగరజీవితమే వస్తువుగా వెలసిన ప్రాచీన తెలుగు కృతులలో 'క్రీడాభిరామం' ముఖ్యమైనది. ఈ వీథీరూపకం వినుకొండ వల్లభరాయని పేరిట ప్రసిద్ధం. శ్రీనాథ కర్తృత్వమనే వాదమూ ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసిన దృశ్యాలే ఇందలి ఇతివృత్తం. వీధి సందడి నియతమైన వృత్తంలో ఇముడుతుందా? పలనాటి వీరుల కథను ఒక స్త్రీ వాద్యం వాయిస్తూ పాడే ఘట్టంలోని మత్తేభం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. లక్షణం
మత్తేభవిక్రీడితంలో పాదానికి 20 అక్షరాలు. గణాలు స, భ, ర, న, మ, య, వ. యతిస్థానం 14వ అక్షరం. ప్రాసనియమం ఉంది, అనగా నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరంలోని హల్లు ఒక్కటే కావాలి.

3. యతి
పాదమధ్యంలో నగణపు మూడు లఘువుల వెంటనే మగణపు మూడు గురువులు వస్తాయి. మొదటి పాదంలో ఆ మూడు గురువులూ 'ధుం' అనే వాద్యధ్వని ముమ్మారు పలకడమే. అందులో రెండవది సరిగ్గా 14వ అక్షరం. పాదాద్యక్షరం 'ద్రు', ద, ధలు ఒకే వర్గానివి కనుక యతిమైత్రి కుదిరింది. ఆ ధ్వనిని తొలగిస్తే గణమూ యతీ రెండూ చెడతాయి. కాబట్టి అది పైపై అలంకారం కాదు, పద్యనిర్మాణంలో భాగం.

4. ప్రాస
ప్రాసాక్షరం తకారం. 'సంగతి' అనే పదం విరిగి, 'సం' మొదటి పాదం చివర నిలిచి, 'గతి' రెండవ పాదానికి మొదలైంది. మూడు, నాలుగు పాదాల నడుమ 'ఒక్కత' అనే పదమూ అట్లే విరిగింది. మాట పూర్తికావడానికి చెవి పాదాంతంలో ఆగక ముందుకు సాగుతుంది. ప్రాస ఆ సాగే చోటనే తగులుతుంది. ఎడతెగని వాయింపునకు ఇది అనుగుణం.

5. ద్విపద – వృత్తం
ఆమె పాడినది ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం గల దేశిచ్ఛందస్సు. వర్ణించినది సంస్కృతవృత్తం. పాటలోని మాటలు పద్యంలో లేవు, తాళం మాత్రమే ఉంది. దారిన పోయేవారి చెవికి ముందుగా అందేది అదే.

6. ముగింపు
ఒక్క పద్యంతో కావ్యమంతటికీ సిద్ధాంతం చేయలేము. అయితే గణ, యతి, ప్రాసనియమాలు జనజీవితానికి సంకెళ్లని భావించేవారికి ఈ పద్యం సమాధానమిస్తుంది: ఇక్కడ వీధి సవ్వడి వినిపించడానికి ఆ నియమాలే ఆధారం.