అల్వాల్ పేరు ఎన్ని చోట్ల రాయాలి?

రంగారెడ్డి జిల్లాలో పురపాలక సంఘంగా ఉండిన అల్వాల్, 2007 ఏప్రిల్ 16న మరో పదకొండు పురపాలక సంఘాలతోను, ఎనిమిది గ్రామ పంచాయతీలతోను పాటు హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసి గ్రేటర్ హైదరాబాద్‌లో భాగమైంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా మాత్రం పదేళ్ల లోపు రెండుసార్లు మారింది. ఇంటి పన్ను, నల్లా, కరెంటు మీటరు లెక్కల్లో ప్రతి ఇంటి ఎదుటా జిల్లా పేరు విడివిడిగా రాసిన డేటాబేస్‌లో ఇలాంటి మార్పు వస్తే వేల వరుసలు దిద్దవలసి వస్తుంది, వాటిలో కొన్ని పాతవిగానే మిగిలిపోతాయి.

ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా ఈ చిక్కును తేలికగా విప్పుతుంది. ప్రాంతాల పట్టికలో అల్వాల్‌కు 27 అనే సంఖ్య ఇచ్చారనుకుంటే అది ఆ వరుసను గుర్తించే ప్రైమరీ కీ అవుతుంది. ఇళ్ల పట్టికలో ఊరి పేరుకు బదులు అదే 27 రాస్తే దాన్ని ఫారిన్ కీ అంటారు. జిల్లా మారినప్పుడు ప్రాంతాల పట్టికలో ఒక్క గడి దిద్దితే చాలు. (2005లో ఇచ్చిన పన్ను రసీదులో మాత్రం రంగారెడ్డి అనే ఉండాలి కనుక, రసీదు నాటి చిరునామాను విడిగా భద్రపరచక తప్పదు.)

ఫారిన్ కీకి కాపలా పని కూడా ఉంది. ఇళ్ల పట్టికలో లేని ఇంటికి నల్లా కనెక్షన్ రాయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. పన్ను బకాయి ఉన్న ఇంటి వరుసను చెరిపేయబోతే, డిజైనర్ ముందే చెప్పినదాన్నిబట్టి, అడ్డుకుంటుంది లేదా బకాయిని కూడా వెంట తుడిచేస్తుంది. పన్ను లెక్కల్లో ఈ రెండోది ప్రమాదకరం.

అసలు తలనొప్పి ఫిర్యాదుల పట్టిక దగ్గర మొదలవుతుంది. ఒక ఫిర్యాదు ఇంటి గురించి, మరొకటి వీధి దీపం గురించి, ఇంకొకటి చెరువు గురించి అయినప్పుడు, ‘ఏ రకం’ అని ఒక గడి, ‘ఏ నంబరు’ అని మరొక గడి పెట్టి పని కానిచ్చేవారు చాలామంది. 41 అంటే ఇల్లా, దీపమా అన్నది డేటాబేస్‌కు తెలియదు గనుక ఆ సంఖ్యకు కాపలా ఉండదు. దీపం వరుస తీసేసినా ఫిర్యాదు గాలిలో వేలాడుతూనే ఉంటుంది. మూడింటికీ మూడు ఫారిన్ కీ గడులు పెట్టి, ఒక్కటి మాత్రమే నిండాలని నిబంధన విధించడం ఒక మార్గం, రకాలు రెండు మూడుకు మించనంతవరకు. అంతకన్నా మేలైనది, ఇల్లూ దీపమూ చెరువూ అన్నిటికీ ఉమ్మడి తల్లి పట్టిక ఒకటి పెట్టి, నంబర్లన్నీ అక్కడే ఇచ్చి, ఫిర్యాదును దానికే ముడివేయడం. కొత్త దీపం నాటిన ప్రతిసారీ రెండు పట్టికల్లో రాయాలి, నిజమే. కానీ రేపు పార్కులను చేర్చినా ఫిర్యాదుల పట్టికను ముట్టుకోనక్కరలేదు.