బూరెవి తుఫాను, బూరెల సెలవు

కష్టకాలంలో నవ్వడం మంచిదని డాక్టర్లు చెబుతారు, స్వాములు చెబుతారు. 1995లో ముంబైలో డాక్టర్ మదన్ కటారియా నవ్వుల క్లబ్బు మొదలుపెట్టాక ఊరూరా పార్కుల్లో తెల్లవారుజామునే గుంపుగా చేరి నవ్వేవాళ్ళు కూడా బయల్దేరారు. బాగానే ఉంది. కాని రోగం ఊళ్ళోకి వచ్చి, బయటికి పోవడానికి వీల్లేక, చేతికందే పంట వానపాలైనప్పుడు ఆ నవ్వు ఎక్కణ్ణించి రావాలి? ఎవరిమీద నవ్వాలి? ఎక్కడ ఆపాలి? 2020 మార్చి నుంచి 2021 మే దాకా మా ఇంట్లో ఈ మూడు ప్రశ్నలకీ జవాబులు దొరికాయి. ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. రోజులు గడుస్తూ ఉంటే వాటంతట అవే తెలిశాయి.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. వత్రాప్ అంటే దూరాన ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది పేరు కూడా విని ఉండరు. పూర్తి పేరు వత్తిరాయిరుప్పు. తమిళనాడులో విరుదునగర్ జిల్లా, పడమటి కనుమల పాదాల దగ్గర ఉంది. కృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదలో గోదాదేవి కథ చెప్పిన శ్రీవిల్లిపుత్తూరు మాకు పక్క ఊరే. కొండవైపు పిళవక్కల్ డ్యాము నీళ్ళతో వరి, కొబ్బరి. తూర్పుకి సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు వెళితే నల్లరేగడి నేల. తమిళంలో కరిసల్ భూమి అంటారు. అక్కడ మినుము, పెసర, మొక్కజొన్న అన్నీ వాన దయ. ఈ ప్రాంతమంతా వందల ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. మాకు బడి తమిళం, బజారు తమిళం, ఇల్లు మాత్రం తెలుగు. రాయడం రాకపోయినా తిట్టడం, నవ్వడం తెలుగులోనే.

మా ఇంట్లో ఐదుగురం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, పిల్లలు 'అవ్వా' అని పిలిచే మా అత్తగారు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, కోవిల్‌పట్టిలో ఉంటాడు. ఈ కథలో అవ్వా, మామయ్యా ఇద్దరే ముఖ్యులు. వరసకి వదినా మరుదులు కాబట్టి ఒకరి మాట ఒకరు పడనివ్వరు.

పళ్ళెం మోత నుంచి ఇ-పాస్ దాకా

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజు సాయంత్రం ఐదింటికి దేశమంతా పళ్ళాలు మోగించింది గుర్తుందా? మా ఊళ్ళో తోటలమీదికి అడవి పందులు వస్తే పళ్ళెం మోగించే తోలుతారు. అవ్వ ఇత్తడి పళ్ళెం తీసుకుని వాకిట్లోకి వచ్చి, "పందులు పోతాయి గాని, ఇది పోతుందంటావా?" అంది. మర్నాటినుంచి అందరూ ఇంట్లోనే.

తర్వాత కషాయం వచ్చింది. కబసుర కుడినీర్ అని సిద్ధవైద్యం మందు. తమిళనాట ఆ ఏడాది దాన్ని తాగని ఇల్లు తక్కువ. వేపాకు దానిముందు పాయసం. మొదటి గుక్క మింగి అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. "రోగం మనకి భయపడి పారిపోవాలంటే మనం ఇంత చేదుగా ఉండాల" అని గ్లాసు కిందపెట్టింది. పిల్లలు ఆ మాట పట్టుకుని నవ్వుతూ తాగేశారు. నేను బతిమాలి ఉంటే తాగేవాళ్ళు కాదు.

జూన్ 9న పదో తరగతి పరీక్షలు రద్దుచేసి అందరూ పాసని ప్రభుత్వం ప్రకటించింది. మావాడు ఆ ఏడే పది. మామయ్య వెంటనే ఫోను. "ఏరా, రాయకుండానే పాసయ్యావంట? నేను మూడుసార్లు రాసినా కానిది నువ్వు ఒక్కసారి కూడా రాయకుండా అయ్యావే, నువ్వురా మగాడివి!" మావాడు మూడు నెలలుగా పుస్తకాలు ముందేసుకుని, పరీక్ష ఎప్పుడో తెలియక నిద్రలు మాని ఉన్నాడు. ఆ రోజు చాలాకాలానికి గట్టిగా నవ్వాడు.

మామయ్యని చూద్దామంటే వీల్లేదు. మాది విరుదునగర్ జిల్లా, కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లా. జిల్లా దాటాలంటే ఇ-పాస్. ఆగస్టు చివరిదాకా అదే వరస. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు రోజూ ఫోనులో కనిపిస్తుంది, సాత్తూరు అవతల ఉన్న మామయ్య కనిపించడు. వీడియో ఫోను ఆయనకి రాదు. అందుకని రోజూ రాత్రి ఏడింటికి మామూలు ఫోనే. ఆ ఫోనులో 'బాగున్నారా' అని ఎవరూ అడిగేవాళ్ళు కారు. అడిగితే నిజం చెప్పాల్సి వస్తుందని భయం. ఆయన ఒక జోకు వేసేవాడు, అవ్వ ఎదురు జోకు వేసేది. ఇటు నవ్వు అటు వినిపించింది అంటే ఇక్కడ అందరూ క్షేమం. అటు నవ్వు ఇటు వినిపిస్తే అక్కడా క్షేమం.

మధురలో ఒక హోటలువాళ్ళు జులైలో మాస్కు ఆకారంలో పరోటాలు చేసి అమ్మారు. పత్రికల్లో ఫొటో వచ్చింది. అది చూసి మామయ్య, "వదినగారూ, ఇన్నాళ్ళకి నోరు మూసుకునేదాన్ని నోట్లో పెట్టుకునే ఉపాయం కనిపెట్టారు" అన్నాడు. "మీకు రెండు పంపమంటారా, ఒకటి తినడానికి, ఒకటి మూయడానికి?" అని అవ్వ జవాబు.

తుఫానుకి మన పేరు

రోగం చాలదన్నట్టు నవంబరులో తుఫాన్లు. మొదటిది నివర్. నవంబరు 25 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ పేరు ఇరాన్ ఇచ్చిందట. టీవీలో పేరు వినగానే అవ్వ, "నివారణ అన్నమాట. ఇదొచ్చి దాన్ని పట్టుకుపోతుందేమో" అని ఆశపడింది.

వారం తిరక్కుండానే రెండోది. మాల్దీవులు పెట్టిన పేరు బూరెవి. ఇది శ్రీలంక దాటి మన్నారు సింధుశాఖలోకి వచ్చి, పాంబన్, కన్యాకుమారి మధ్య తీరం దాటుతుందన్నారు. డిసెంబరు 4న మా విరుదునగర్‌తో సహా ఆరు దక్షిణ జిల్లాలకి సెలవు ప్రకటించారు. బళ్ళు మార్చి నుంచి మూసే ఉన్నాయి కదా! మా చిన్నది తొమ్మిదేళ్ళ పిల్ల. "అమ్మా, సెలవుకి కూడా సెలవు ఇస్తారా?" అని అడిగింది.

మాకు మాత్రం ఆ రోజు గుండెలు చేతుల్లో ఉన్నాయి. మా ఇల్లు పాతకాలపు పెంకుటిల్లు. మావారు పైకెక్కి జారిన పెంకులు సర్దారు. బియ్యం, కిరోసిన్ దీపం, రేషన్ కార్డు ఒక పెట్టెలో పెట్టి అటకెక్కించాం. తుఫాను వస్తే బడిలో తలదాచుకోవాలి, బడికి వెళితే పదిమంది ఊపిరి మధ్య ఉండాలి. గాలికి భయపడాలో గాలిలోని దానికి భయపడాలో తెలియని రోజు అది.

అప్పుడు అవ్వ శనగపప్పు నానబోసింది. "పేరే బూరెవి. బూరెలు వండకుండా ఎట్టా పంపిస్తాం?" పిల్లలకి అర్థం కాలేదు. వాళ్ళకి ఆ పిండివంట 'సుయ్యం' అనే తెలుసు, తమిళంలో అలాగే అంటారు. దాని తెలుగు పేరు బూరె అని అవ్వ చెప్పగానే ఇద్దరూ పడిపడి నవ్వారు. ఒక తుఫాను పేరులో తమ ఇంటి మాట ఉందని, ఆ సంగతి టీవీవాళ్ళకి తెలియదని వాళ్ళకి మహా గొప్ప. సాయంత్రానికి బూరెవి మన్నారు సింధుశాఖలోనే నీరసించి వాయుగుండమై కూర్చుందని వార్త. "చూశారా, నూనె వాసనకి అక్కడే ఆగిపోయింది" అంది అవ్వ. మా చిన్నది ఇప్పటికీ "రెండు బూరెవిలు పెట్టు" అనే అడుగుతుంది.

మా పిల్లలకి తెలుగు నేర్పాలని నేను అంతకుముందు చాలా తంటాలు పడ్డాను. పెద్దబాలశిక్ష కొన్నాను, గోడకి అక్షరాల పటం వేలాడదీశాను. పది నెలలు అవ్వ పక్కన కూర్చుని నవ్వడంవల్ల వచ్చినంత తెలుగు వాటివల్ల రాలేదు. జోకు అర్థం కాకపోతే నవ్వడానికి లేదు, నవ్వకపోతే వెనకబడ్డట్టు. ఆ పట్టుదలతోనే నేర్చుకున్నారు.

చేలో మొలకలు

2021 జనవరిలో వానలు కాలంకాని కాలంలో కురిశాయి. సంక్రాంతికి ఇంటికి రావలసిన మినుము, పెసర, మొక్కజొన్న కరిసల్ భూముల్లో నీళ్ళలో నిలిచి కుళ్ళాయి. మామయ్యకి కొంచెం మినుము చేను ఉంది. గింజలు కాయల్లోనే మొలకెత్తాయి. ఆ రాత్రి ఏడింటికి ఫోను వచ్చింది. మేము ఏమనాలో తెలియక ఊరుకున్నాం. ఆయనే అన్నాడు: "రోగనిరోధక శక్తికి మొలకెత్తిన గింజలు తినమని డాక్టర్లు చెబుతున్నారు గదా. మనం నానబెట్టే శ్రమ లేకుండా దేవుడు రెండెకరాలు నానబెట్టి ఇచ్చాడు."

ఆ మాటకి నవ్వామా అంటే నవ్వాం. కాని అవ్వ ఫోను పెట్టేశాక మావారితో, "రేపు ఎంత అవసరమో కనుక్కుని డబ్బు పంపు" అంది. ఆయన నోటితో అడగలేదు, అడగలేడు కూడా. జోకులోనే చెప్పాడు. వినేవాళ్ళకి వినిపించింది.

విక్టర్ ఫ్రాంకల్ అనే వియన్నా వైద్యుడు నాజీల నిర్బంధ శిబిరాల్లో బతికి బయటపడి 1946లో పుస్తకం రాశాడు. శిబిరంలో తనూ, పక్కన పనిచేసే స్నేహితుడూ విడుదలయ్యాక జరగబోయే ఒక నవ్వులాట సంగతి రోజుకొకటి కల్పించి చెప్పుకోవాలని ఒట్టు పెట్టుకున్నారట. ఆయన కష్టానికీ మా కష్టానికీ పోలిక లేదు. కాని 'రోజుకొకటి' అన్న నియమం చూస్తే మా ఏడింటి ఫోనే గుర్తొస్తుంది. నవ్వు దానంతట అది రావడంలేదు. ఎవరో ఒకరు పూనుకుని తేవాలి.

ఎక్కడ ఆపాలి

2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో బాణసంచా కర్మాగారం పేలిపోయి 20 మందికి పైగా చనిపోయారు. మా జిల్లాలో మందుగుండు పనికి వెళ్ళని ఊరు లేదు. ఆ రాత్రి ఫోను వచ్చింది, ఇద్దరూ ఒక్క జోకు కూడా వేయలేదు. "విన్నారా?" "విన్నాం." అంతే. ఎవరూ నియమం పెట్టలేదు. మన కష్టం మీద మనం నవ్వుకోవచ్చు, పరాయివాడి చావు మీద నవ్వరాదు అని ఇద్దరికీ తెలుసు. అంతకుముందు కూడా వాళ్ళ జోకులన్నీ గమనిస్తే, కషాయం తాగింది తామే, పరీక్ష తప్పింది తామే, పంట పోయింది తమదే. రోగం వచ్చినవాణ్ణి గేలిచేసిన మాట ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన హాస్యంలో ఈ తేడా పాటించనివి చాలా వచ్చాయి. మావారు వాటిని చదివి వినిపించబోతే అవ్వ చెయ్యెత్తి ఆపేది.

ఏప్రిల్ 17న హాస్యనటుడు వివేక్ పోయారు. కోవిల్‌పట్టి ప్రాంతంవాడని మామయ్యకి ఆయనంటే అభిమానం. రెండు రోజుల ముందే ఆయన అందరికీ ధైర్యం చెప్పడానికి చెన్నైలో బహిరంగంగా టీకా వేయించుకున్నారు. గుండెపోటుకీ టీకాకీ సంబంధం లేదని డాక్టర్లు చెప్పినా ఊళ్ళల్లో భయం పాకింది. మే 17న పుదుచ్చేరిలో కి. రాజనారాయణన్ గారు పోయారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఆయన ఊరు, ఇంటి భాష తెలుగు, రాసింది తమిళంలో. మనవాళ్ళ వలస కథ 'గోపల్ల గ్రామం' ఆయనదే. దాని కొనసాగింపుకి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కరిసల్ పల్లెల్లో రచ్చబండ మీద ముసలివాళ్ళు చెప్పుకుని నవ్వుకునే కథలన్నీ పోగుచేసి పుస్తకాలకెక్కించినవాడాయన. వానలేని నేలమీద జనం ఎలా నవ్వి బతికారో ఆయన రాతల్లో ఉంది. అవ్వా మామయ్యా చేసిందల్లా ఆ పాత అలవాటే.

ఆ మే నెలలోనే మామయ్యకి రోగం తగిలింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నాలుగు రోజులు రాత్రి ఏడు గంటలు కొట్టినా ఫోను మోగలేదు. అవ్వ అన్నం ముందు కూర్చుని గడియారం చూసేది. ఐదోనాడు ఎవరో నర్సు పుణ్యమా అని ఆయన గొంతు రికార్డు చేసి పంపారు. గొంతు పీలగా ఉంది. "వదినగారూ... ఇన్నేళ్ళూ గాలి ఊరికే వస్తోందని పీల్చేశాను. ఇక్కడ మీటరు పెట్టి ఇస్తున్నారు. మీరు పొదుపుగా వాడుకోండి."

అవ్వ ఒకసారి విని నవ్వింది. రెండోసారి పెట్టమంది. మూడోసారికి పైట కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

పదకొండు రోజులకి ఆయన ఇంటికి వచ్చాడు. మా వీధి చివరి ఇంటి పెద్దాయన రాలేదు. అంత్యక్రియలకి 20 మందే అన్న నిబంధన వల్ల మేము వాకిట్లోంచే దణ్ణం పెట్టాం. ఆ ఇంటి ముందు చాన్నాళ్ళు ఎవరం గట్టిగా మాట్లాడలేదు.

మామయ్యకి తర్వాత చాలా నెలలు నవ్వితే దగ్గు వచ్చేది. డాక్టరు నవ్వొద్దన్నాడు. అందుకని ఆయన జోకు వేసి, ఫోను చెవికి ఆనించుకుని, మేము నవ్వుతుంటే వింటూ ఉండేవాడు. "నా వంతు కూడా మీరే నవ్వండి" అనేవాడు.

మనవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ దేశంలో ఉన్నా ఆ ఏడాది ఇలాంటి మాటలు ప్రతి ఇంట్లో పుట్టే ఉంటాయి. రోగం లెక్కలు, తుఫాను లెక్కలు ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ మాటలు మాత్రం మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. మీ ఇంట్లో ఎవరు ఏమన్నారో, దానికి ఎవరెవరు నవ్వారో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళంలోనో, ఇంగ్లీషులోనో రాయండి, మాట మాత్రం అన్నది అన్నట్టే ఉంచండి. పిల్లలు చదివి నవ్వితే, ఆ భాష ఆ ఇంట్లో ఇంకా బతికి ఉన్నట్టే.